దేవదూతలను సాయానికి పిలవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

దేవదూతల గురించి కుతూహలం కొద్దీ అడిగేవాళ్ళు కొందరే. ఎక్కువమంది ఏదో ఒక కష్టంలో ఉండి అడుగుతారు. ఇంట్లో జబ్బు, దూరమైన బిడ్డ, రాత్రిళ్ళు పట్టుకునే భయం. అందుకని ఇక్కడ రెండు పనులు చేయాలనుకున్నాను. ఏ మతం ఏం చెబుతుందో ఆ మతం వాళ్ళే ఒప్పుకునేట్టు చెప్పాలి. పిలవాలని మనసులో ఉన్నవాళ్ళకు పనికొచ్చేట్టు కూడా ఉండాలి.

దేవదూత అంటే ఎవరు? చిన్న దేవుడా?

కాదు. యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాలు మూడింట్లోనూ దేవదూత దేవుడు సృష్టించిన ప్రాణి. దేవుడిలో భాగమూ కాదు, దేవుడికి సాటీ కాదు. పంపిన చోటికి వెళ్ళడం, చెప్పమన్నది చెప్పడం, చేయమన్నది చేయడం, అంతవరకే. సొంత పెత్తనం లేదు. ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే కింద వచ్చే చిక్కుప్రశ్నలు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

ఇస్లాంలో దేవదూతలను నమ్మడం విశ్వాసపు మూలాంశాల్లో ఒకటి. వాళ్ళు కాంతితో సృష్టించబడ్డారని హదీసు, అంటే ప్రవక్త మాటల ఉల్లేఖనం, చెబుతుంది. అల్లాహ్ ఆజ్ఞను ఎన్నడూ మీరరని ఖుర్ఆన్ 66వ సూరా (అధ్యాయం) అంటుంది. అందుకే ముస్లింల దృష్టిలో ఇబ్లీసు, అంటే సైతాను, దారి తప్పిన దేవదూత కాడు. అతను జిన్నుల కోవకు చెందినవాడని 18వ సూరా స్పష్టంగా చెబుతుంది. క్రైస్తవుల్లో మాత్రం సాతాను పతనమైన దూత అనే నమ్మకమే ఎక్కువ.

యూదుల్లో పాతకాలం నుంచీ భేదాభిప్రాయాలున్నాయి. సద్దూకయ్యులనే యూదు వర్గం దేవదూతలు లేరనేదని బైబిల్లోని అపొస్తలుల కార్యములు చెబుతుంది. 12వ శతాబ్దపు తత్వవేత్త మైమోనిడిస్ దేవదూతలను శరీరమే లేని శుద్ధ బుద్ధులన్నాడు. ప్రవక్తలు వాళ్ళను చూసినట్టు రాసిన చోట్లన్నీ దర్శనాలేనని ఆయన వివరణ.

రెక్కలుంటాయా? తెల్ల బట్టలు వేసుకుంటారా?

గ్రంథాల్లో చూస్తే చాలాచోట్ల రెక్కల ఊసే లేదు. ఆదికాండము 18వ అధ్యాయంలో మిట్టమధ్యాహ్నం అబ్రాహాము గుడారం ముందు నిలబడ్డ ముగ్గురూ మామూలు బాటసారుల్లా ఉన్నారు. ఆయన పరుగున ఎదురెళ్ళి, కాళ్ళకు నీళ్ళు తెప్పించి, రొట్టెలు చేయమని శారాకు చెప్పి, లేతదూడను వండించి, వెన్నా పాలతో సహా వడ్డించి, వాళ్ళు తింటుంటే చెట్టు కింద నిలబడ్డాడు. వచ్చినవాళ్ళెవరో మొదట ఆయనకు తెలిసినట్టు కథలో ఎక్కడా లేదు.

ప్రవక్త యెషయా చూసిన సెరాపులనే పరలోక జీవులకు మాత్రం ఆరేసి రెక్కలు. రెంటితో ముఖం, రెంటితో కాళ్ళు కప్పుకుని, రెంటితో ఎగురుతున్నారు. యెహెజ్కేలు చూసిన జీవులకు మనిషి, సింహం, ఎద్దు, గద్ద ముఖాలు నాలుగూ ఉన్నాయి. పక్కనున్న చక్రాల నిండా కళ్ళు. ఖుర్ఆన్ 35వ సూరా దూతలకు రెండేసి, మూడేసి, నాలుగేసి రెక్కలుంటాయంటుంది. ఇవేవీ గ్రీటింగ్ కార్డు మీది బొమ్మలాంటివి కావు. దూత కనబడగానే మనిషి గజగజలాడటం, దూత నోట మొదటి మాటగా "భయపడకుము" అని రావడం ఎందుకో అప్పుడు అర్థమవుతుంది.

రోములో ప్రిసిల్లా భూగర్భ సమాధుల్లోని తొలినాటి చిత్రంలో మరియ ఎదుట నిలబడ్డ దూతకు రెక్కల్లేవు. క్రైస్తవ కళలో దేవదూతకు రెక్కలు 4వ శతాబ్దం చివరికి గాని స్థిరపడలేదు. బొద్దుగా ఉండే పసిపిల్లల రూపం ఇంకా చాలా తర్వాతిది. పునరుజ్జీవన కాలపు చిత్రకారులు పాత రోమన్ మన్మథుడి బొమ్మల నుంచి దాన్ని తీసుకున్నారు.

నాకంటూ ఒక కావలి దూత ఉన్నాడా?

కతోలికులు ఉన్నాడనే చెబుతారు. ప్రతి విశ్వాసి పక్కనా కాపరిలాంటి ఒక దూత ఉంటాడన్న 4వ శతాబ్దపు పునీత బాసిలు మాటను ఇప్పటి కతోలిక సత్యోపదేశం కూడా ఎత్తి రాసింది. కావలి సన్మనస్కుల (కతోలికులు దూతలను అనే మాట) పండుగ అక్టోబరు 2న వస్తుంది. ఆధారంగా చూపేది మత్తయి 18వ అధ్యాయం. చిన్నపిల్లల దూతలు పరలోకంలో ఎప్పుడూ తండ్రి ముఖాన్ని చూస్తుంటారని యేసు అక్కడ అంటాడు.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో ఇంకో చిన్న సంగతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. చెరసాల నుంచి బయటపడ్డ పేతురు రాత్రివేళ స్నేహితుల ఇంటికొచ్చి తలుపు తడతాడు. రోదే అనే పనిపిల్ల గొంతు గుర్తుపట్టి, ఆ సంతోషంలో తలుపు తీయడం మరిచి లోపలికి పరుగెత్తుతుంది. లోపలివాళ్ళు నీకు పిచ్చెక్కిందంటారు. ఆమె పట్టు విడవకపోతే, అయితే అది పేతురు దూత అయి ఉంటుందంటారు. ప్రతి మనిషికీ ఒక దూత ఉంటాడన్న నమ్మకం ఆనాటి సామాన్యుల్లో ఎంత సహజంగా ఉందో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది. పేతురు మాత్రం పాపం, బయట నిలబడి తడుతూనే ఉన్నాడు.

ప్రొటెస్టెంట్లు ఈ విషయంలో ఆచితూచి మాట్లాడతారు. మనిషికొక దూత చొప్పున ఉన్నాడని తాను గట్టిగా చెప్పలేనని 16వ శతాబ్దపు మత సంస్కర్త కాల్విన్ రాశాడు. మనల్ని కాచేది ఒక్కడు కాదు, దూతలందరూ కలిసి కాస్తారన్నది ఆయన మొగ్గు.

ఖుర్ఆన్ 13వ సూరా ప్రకారం మనిషికి ముందూ వెనకా అల్లాహ్ ఆజ్ఞతో కాపలా కాసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు కాక మంచీచెడూ రాసే ఇద్దరు లేఖకులు, కిరామన్ కాతిబీన్, వెంటే ఉంటారు. పార్సీల మతంలో ఫ్రవషి అనే భావన ఉంది. మనిషి పుట్టకముందే ఉండి, బతికినన్నాళ్ళూ మంచివైపు నడిపించే ఆత్మ అది. ఒకరకంగా మనిషిలోని శ్రేష్ఠమైన భాగమే. బయట నిలబడ్డ కాపలాదారు అనుకుంటే సరిపోదు.

పేరుతో తెలిసిన దూతలు ఎవరు?

హీబ్రూ బైబిల్లో పేరుతో కనిపించేది ఇద్దరే, గబ్రియేలు, మిఖాయేలు. అదీ దానియేలు గ్రంథంలోనే. రఫాయేలు తోబీతు గ్రంథంలో వస్తాడు. కతోలికులు, ఆర్థొడాక్స్ క్రైస్తవులు దాన్ని బైబిల్లో భాగంగా చూస్తారు, ప్రొటెస్టెంట్లు చూడరు. ఊరియేలు పేరు బైబిల్ బయటి యూదు గ్రంథాల్లోనిది. ఖుర్ఆన్ జిబ్రయీల్, మీకాయీల్ పేర్లు చెబుతుంది. నరకానికి కాపలా ఉన్న మాలిక్‌ను, బాబెల్‌లోని హారూత్, మారూత్‌లనూ పేర్కొంటుంది. మరణదూత ప్రస్తావన 32వ సూరాలో ఉంది గాని అక్కడ పేరు లేదు. అజ్రాయీల్ అన్నది తర్వాతి వాడుక. బాకా ఊదే ఇస్రాఫీల్ కూడా సంప్రదాయం నుంచి వచ్చిన పేరే.

ఇంతకు మించి వందల పేర్లు పుస్తకాల్లో, కార్డుల మీద తిరుగుతున్నాయి. వాటి విషయంలో జాగ్రత్త కొత్తదేమీ కాదు. 745లో పోపు జకరయ్య రోములో జరిపిన సభ, ఆల్డెబెర్ట్ అనే బోధకుడు ప్రార్థనలో పిలుస్తున్న తెలియని దూతల పేర్లను ఖండించింది. 2001లో వాటికన్ ప్రజాభక్తి గురించి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు తప్ప వేరే పేర్లు పెట్టి పిలవొద్దన్నాయి. నా కావలి దూత పేరేమిటని అడిగే కతోలికులకు వాళ్ళ చర్చి చెప్పే జవాబు ఇదే. పేరు పెట్టొద్దు, మాట్లాడటానికి పేరు అక్కర్లేదు.

అసలు ప్రశ్న: దేవదూతను పిలవచ్చా, దేవుణ్ణి మాత్రమే పిలవాలా?

ఇక్కడే మతాల దారులు వేరవుతాయి. కాస్త నిదానంగా చదవండి.

ఇస్లాం జవాబు సూటిగా ఉంటుంది. దుఆ, అంటే వేడుకోలు, అల్లాహ్‌కే. ఆయనతోపాటు ఇంకెవరినీ పిలవొద్దని 72వ సూరా, దూతలనూ ప్రవక్తలనూ ప్రభువులుగా చేసుకోవద్దని 3వ సూరా చెబుతాయి. అలాగని దూతలు ముస్లిం బతుక్కి దూరంగా ఉంటారనుకోవద్దు. సింహాసనాన్ని మోసే దూతలు విశ్వాసుల కోసం క్షమాపణ వేడుకుంటారని 40వ సూరా అంటుంది. పక్కన లేని సోదరుడి కోసం దుఆ చేస్తే, ఒక దూత ఆమీన్ చెప్పి "నీకూ అలాగే" అంటాడని హదీసు. అంటే దూతల తోడు కావాలనుకునే ముస్లింకు దారి ఉంది. దూతను పిలవడు, వేరొకరి కోసం అల్లాహ్‌ను అడుగుతాడు.

యూదుల్లో వాదం ఇంకా నడుస్తూనే ఉంది. కష్టమొస్తే మిఖాయేలునో గబ్రియేలునో కేకేయొద్దు, నన్నే పిలువు, వెంటనే పలుకుతాను అని దేవుడు అన్నట్టు యూదు పండితుల చర్చల గ్రంథమైన యెరూషలేము తాల్ముదులో ఉంది. మైమోనిడిస్ చెప్పిన 13 విశ్వాస సూత్రాల్లో ఐదోది కూడా మధ్యవర్తులను ఆరాధించొద్దనే. అయినా శుక్రవారం సాయంత్రం సబ్బాతు బల్ల దగ్గర పాడే షాలోమ్ అలేఖెమ్ పాటలో శాంతి దూతలను రమ్మని, దీవించమని నేరుగా అడుగుతారు. ఆ దీవించమనే చరణం వద్దన్న రబ్బీలున్నారు. పాడే ఇళ్ళు మాత్రం మానలేదు. క్షమాపణ ప్రార్థనల్లో దూతలను ఉద్దేశించి, మా మొరను లోపలికి చేర్చండని వేడుకునే పాత ప్రార్థన ఒకటుంది. దానిమీదా ఇలాంటి వివాదమే.

కతోలిక, ఆర్థొడాక్స్ సంప్రదాయాల్లో పిలవచ్చు. అయితే దేవుడికి చేసే ఆరాధన వేరు, దూతలకూ పునీతులకూ ఇచ్చే గౌరవం వేరు. 787లో రెండో నీకియా మహాసభ ఈ గీత గీసింది. మా కోసం దేవుణ్ణి ప్రార్థించండి, మాకు తోడుండండి అని అడగడం ఆ గీతకు ఇవతల ఉంటుంది. దూతనే వరాలిచ్చే దాతగా భావించి మొక్కడం గీత దాటడం. ఈ భయంతోనే 4వ శతాబ్దపు లవొదికయ సభ, సంఘాన్ని విడిచి దూతలను పిలుచుకుంటూ వేరుగా చేరే గుంపులను నిషేధించింది.

ప్రొటెస్టెంట్లు చాలామంది దూతను పిలవరు, దూతను పంపమని దేవుణ్ణి అడుగుతారు. 1529లో మత సంస్కర్త లూథర్ ప్రశ్నోత్తరాల చిన్న పుస్తకంలో రాసిన ఉదయ, సాయంకాల ప్రార్థనలు రెండూ, నీ పరిశుద్ధ దూత నాతో ఉండుగాక అనే వేడుకోలుతోనే ముగింపుకొస్తాయి. దూత కావాలి, అడిగేది మాత్రం తండ్రిని. వీళ్ళు చూపే ఆధారం ప్రకటన గ్రంథంలో ఉంది. యోహాను దూత కాళ్ళమీద పడబోతే ఆ దూతే వారించి, నేనూ నీలాంటి సేవకుణ్ణే, దేవుణ్ణి ఆరాధించు అంటాడు. రెండుసార్లు అలా జరుగుతుంది.

నా అభిప్రాయం అడిగితే, ఇన్ని తేడాల మధ్య అందరూ ఒప్పుకునేది ఒకటుంది. దూత పంపితేనే వస్తాడు. పంపేవాణ్ణి పక్కన పెట్టి దూతను మాత్రమే వశం చేసుకోవాలనే ప్రయత్నాన్ని ఈ మూడు మతాల్లో ఏదీ ప్రార్థన అనదు.

గ్రంథాల్లో దూతను పిలిచి సాయం పొందినవాళ్ళు ఉన్నారా?

వెతికితే ఆశ్చర్యం కలుగుతుంది. దాదాపు ఎవరూ దూతను పిలవలేదు. ఏడ్చారు, దేవుడికి మొరపెట్టుకున్నారు, ఒక్కోసారి ఊరికే చతికిలబడ్డారు. దూతలు వచ్చారు.

హాగరు కథ చూడండి. ఆదికాండము 21లో ఆమె బిడ్డతో ఎడారిలో తిరుగుతుంది. తిత్తిలో నీళ్ళు అయిపోతాయి. పిల్లవాణ్ణి ఒక పొద కింద పడుకోబెట్టి, బిడ్డ చావు కళ్ళతో చూడలేక వింటివేత దూరాన వెళ్ళి కూర్చుని ఎలుగెత్తి ఏడుస్తుంది. ఆమె ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. అయినా దేవుడు పిల్లవాడి మొర విన్నాడని, దూత ఆకాశం నుంచి హాగరును పిలిచి, నీకేమొచ్చింది, భయపడొద్దు అన్నాడని ఉంది. అప్పుడు ఆమెకు బావి కనిపిస్తుంది. బావిని కొత్తగా పుట్టించాడని గ్రంథం అనలేదు, ఆమె కళ్ళు తెరిచాడంటుంది.

ఇదే తల్లి కథ ఇస్లాం సంప్రదాయంలో సఫా, మర్వా కొండల మధ్య జరుగుతుంది. సహీహ్ బుఖారీ అనే హదీసు సంకలనంలోని కథనం ప్రకారం హాజిరా (హాగరు) ఆ రెండింటి మధ్య ఏడుసార్లు తిరుగుతుంది. చివర మర్వా మీద ఉండగా ఏదో శబ్దం. తనను తానే "ష్" అని ఊరుకోబెట్టుకుని చెవి రిక్కించి వింటుంది. మళ్ళీ వినిపించగానే, నీ గొంతు వినిపించావు, నీ దగ్గర సాయమేమైనా ఉందా అని అడుగుతుంది. చూస్తే జమ్‌జమ్ బావి ఉన్నచోట ఒక దూత మడమతోనో రెక్కతోనో నేలను తవ్వుతున్నాడు. నీళ్ళు ఉబికి వస్తుంటే ఆమె చేతులతో చుట్టూ గట్టు కట్టి, దోసిళ్ళతో తిత్తి నింపుకుంటుంది. ఆమె అడిగింది ఎదుట వినిపించిన గొంతును. అప్పటికే సాయం బయలుదేరి వచ్చేసింది. అంతవరకూ ఆమె కాళ్ళు ఆగలేదన్నది కూడా గమనించాలి. ఇప్పటికీ హజ్, ఉమ్రా చేసేవాళ్ళందరూ ఆ రెండు కొండల మధ్య ఆమె నడిచినట్టే నడుస్తారు.

హిందూ, బౌద్ధ ధర్మాల్లో దేవదూతలు ఉన్నారా?

ఇంద్రుడు, అగ్ని, వరుణుడు లాంటి దేవతలను దేవదూతలనడం సరికాదు. వాళ్ళకు సొంత అధికారం ఉంది, యజ్ఞంలో వాటా ఉంది. గంధర్వులు, అప్సరసలు వేరే కోవ. దూతలన్న మాటకు దగ్గరగా వచ్చేది యమదూతలు, విష్ణుదూతలు.

భాగవతం ఆరో స్కంధంలోని అజామిళుడి కథ మన ప్రశ్నకు నేరుగా తగులుతుంది. దారి తప్పి బతికినవాడు, ప్రాణం పోయే వేళ పాశాలతో వచ్చిన యమదూతలను చూసి హడలిపోయి, దూరంగా ఆడుకుంటున్న చిన్నకొడుకును "నారాయణా" అని కేకేస్తాడు. విష్ణుదూతలు వచ్చి పాశాలు తప్పిస్తారు. రెండు పక్షాల దూతలకూ ధర్మం మీద పెద్ద వాదం నడుస్తుంది. అజామిళుడు పిలిచింది దూతలను కాదు. కొడుకును పిలిచినా, ఆ పేరు ఎవరిదో వాళ్ళ మనుషులు పరుగెత్తుకొచ్చారు. తర్వాత అతను పశ్చాత్తాపపడి ఇల్లు విడిచి గంగాద్వారానికి వెళ్ళి తన బతుకు మార్చుకుంటాడు. కథలో ఆ భాగాన్ని చాలామంది వదిలేస్తారు, వదలకూడదు.

బౌద్ధంలో దేవతలు ఉన్నారు గాని వాళ్ళూ చనిపోతారు, మళ్ళీ పుడతారు. రతన సుత్తంలో మనుషులను కాపాడమని, వాళ్ళిచ్చే నైవేద్యాలు అందుకోమని బుద్ధుడు దేవతాభూతాలను కోరుతాడు. థేరవాద బౌద్ధ దేశాల్లో ఇప్పటికీ పరిత్త (రక్షణ) పఠనంలో దీన్ని చదువుతారు. ఆపదలో పేరు పెట్టి పిలవడం మహాయానంలో బలంగా కనిపిస్తుంది. సద్ధర్మపుండరీక సూత్రం అవలోకితేశ్వర బోధిసత్వుడి పేరు తలచినవాడిని నిప్పు, వరద, దొంగలు ఏమీ చేయలేవంటుంది.

పాళీ త్రిపిటకంలోని దేవదూత సుత్తం మాత్రం నన్ను నిలబెట్టేసింది. చనిపోయి తన ముందుకు వచ్చినవాణ్ణి యముడు అడుగుతాడు: నీ దగ్గరకు దేవదూతలు రాలేదా? నేను చూడలేదంటాడు వాడు. వంగిపోయి కర్ర పట్టుకు నడిచే ముసలివాణ్ణి చూడలేదా? మంచంలో లేవలేక పడి ఉన్న రోగిని చూడలేదా? శవాన్ని చూడలేదా? వాళ్ళే ఆ దూతలు. ఇక్కడ దూత సాయం చేయడానికి రాలేదు, మేలుకొలపడానికి వచ్చాడు.

పార్సీలు దూతలను నేరుగా పిలుస్తారా?

పిలుస్తారు, అదీ నిత్యపూజలో భాగంగా. పార్సీలు అనుసరించే జరతుష్ట్రుడి మతంలో పరమదైవమైన అహురా మజ్దా చుట్టూ అమెష స్పెంటలు ఉంటారు. మంచి మనసు, ఉత్తమ సత్యం, దైవరాజ్యం, భక్తి, సంపూర్ణత, అమృతత్వం అనే గుణాలే వాళ్ళ రూపాలు. పశువులు, నిప్పు, లోహం, నేల, నీరు, మొక్కలు వాళ్ళ రక్షణలో ఉంటాయి. కాబట్టి నీటిని మురికి చేస్తూ ఆ నీటి దేవతను ప్రార్థించడం కుదరదు. ఇది నాకు చాలా గొప్పగా అనిపించే సంగతి. వాళ్ళ తర్వాత ఆరాధనకు అర్హులైన యజతలు వస్తారు. పార్సీల పవిత్రగ్రంథం అవెస్తాలోని యష్టులు ఈ యజతల స్తోత్రాలే. చనిపోయాక మొదటి మూడు రాత్రులు ఆత్మకు కాపలా ఉండేవాడు స్రోష్ అనే యజత.

ఎలా పిలవాలి? ప్రత్యేకమైన మాటలేమైనా ఉన్నాయా?

మీది ఏ సంప్రదాయమైతే ఆ ప్రార్థనతోనే మొదలుపెట్టండి. కతోలికులు పిల్లలకు నేర్పే మొదటి ప్రార్థనల్లో కావలి సన్మనస్కుడి ప్రార్థన ఒకటి. నన్ను వెలిగించు, కాపాడు, నడిపించు అని అడిగే నాలుగు వాక్యాలు. చెడుతో పోరాటమనిపించినప్పుడు మిఖాయేలు ప్రార్థన. పోపు 13వ లియో 1886లో పూజ తర్వాత చెప్పే ప్రార్థనల్లో దాన్ని చేర్చాడు, 1960ల మార్పుల్లో అక్కడి నుంచి తీసేశారు. 1994లో రెండో జాన్ పాల్ దాన్ని మరవొద్దని మళ్ళీ ప్రోత్సహించాడు. యూదులు పడుకునే ముందు కుడివైపు మిఖాయేలు, ఎడమవైపు గబ్రియేలు, ముందు ఊరియేలు, వెనక రఫాయేలు, తలపైన దేవుడి సన్నిధి అని చెప్పుకుంటారు. దూతలు చుట్టూ, దేవుడు పైన. ఆ అమరికలోనే వాళ్ళ నమ్మకమంతా ఉంది.

మీ సొంత మాటల్లో అడగాలంటే కష్టం ఏమిటో దాచకుండా చెప్పండి. అంతా బాగుండాలి అనే బదులు, రేపటి ఆపరేషన్ గురించి భయంగా ఉంది, రాత్రి నిద్రపట్టాలి అనండి. ఎవరిని అడుగుతున్నారో మీకు తెలిసి ఉండాలి. అడిగాక చేయాల్సిన పని మానొద్దు. పేతురు కథలో సంకెళ్ళు ఊడాయి, ఇనుప ద్వారం దానంతటదే తెరుచుకుంది. కాని నడుము కట్టుకో, చెప్పులు తొడుక్కో అని దూత పేతురుకే చెప్పాడు. ఆయన చేయగలిగింది ఆయన చేతే చేయించాడు.

కొవ్వొత్తులు, రాళ్ళు, రంగులు, ముహూర్తాలు తప్పనిసరి అని ఈ మతాల గ్రంథాల్లో ఎక్కడా లేదు.

444 లాంటి అంకెలు పదేపదే కనిపిస్తే దూత పిలుస్తున్నట్టేనా?

ఈ నమ్మకానికి పైన చెప్పిన ఏ గ్రంథంలోనూ మూలం లేదు. ఇటీవలి కాలపు ఆధ్యాత్మిక పుస్తకాల నుంచి వచ్చింది. ఒక అంకె మీద ధ్యాస పడితే గడియారంలో, బండి నంబరులో అదే కంటబడుతుంది. అది చూసి ప్రార్థన గుర్తొస్తే మంచిదే. పెళ్ళి, ఉద్యోగం, వైద్యం లాంటి నిర్ణయాలు దానిమీద వేయొద్దు.

డబ్బు తీసుకుని నా దూతతో మాట్లాడిస్తామంటున్నారు. వెళ్ళవచ్చా?

వద్దు. తోబీతు కథలో రఫాయేలు మారువేషంలో కుర్రవాడికి తోడుగా ప్రయాణం చేసి, తండ్రి కళ్ళు బాగుచేయిస్తాడు. వాళ్ళు కృతజ్ఞతగా తెచ్చిన సొత్తులో సగం ఇస్తామంటారు. ఆయన తానెవరో అప్పుడు చెప్పి, దేవుణ్ణి స్తుతించమని వెళ్ళిపోతాడు. ఇంకో డబ్బు కడితే తప్ప మీమీదున్న కీడు పోదని ఎవరైనా భయపెడితే అక్కడే లేచి వచ్చేయండి. దుఃఖంలో ఉన్నవాళ్ళ దగ్గర ఇలా లాగడం చూస్తే నాకు కోపం వస్తుంది, దాచుకోను.

చనిపోయిన మావాళ్ళు దేవదూతలయ్యారా?

యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాల ప్రధాన బోధలో దూతలు వేరే సృష్టి, మనుషులు వేరే. మనిషి చనిపోతే దూతగా మారడు. 18వ శతాబ్దంలో స్వీడన్‌కు చెందిన స్వీడెన్‌బోర్గ్ మాత్రం దూతలందరూ ఒకప్పుడు మనుషులేనని రాశాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, నా బిడ్డ దేవదూత అయింది అంటే ఆమెను సరిదిద్దడానికి పోవద్దు. ఆ మాట సిద్ధాంతం కోసం అన్నది కాదు.

ఎవరో నా పక్కనే ఉన్నట్టు స్పష్టంగా అనిపించింది. అది దూతా, భ్రమా?

ఈ అనుభవం మీ ఒక్కరిదే కాదు. 1916లో అంటార్కిటికా అన్వేషకులు షాకిల్‌టన్, వోర్స్‌లీ, క్రీన్ ముగ్గురూ దక్షిణ జార్జియా దీవి మంచుకొండలు దాటి సాయం కోసం నడిచారు. తాము నలుగురమన్నట్టు తనకు మాటిమాటికీ అనిపించిందని షాకిల్‌టన్ తర్వాత రాశాడు. మిగతావాళ్ళకూ అదే తోచింది. 2006లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఒక రోగి మెదడులో ఎడమ కణత వెనక భాగాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే, వెనక ఎవరో నీడలా ఉన్నారని ఆమె చెప్పింది. మెదడులో అలా జరుగుతుందన్నది నిజం. షాకిల్‌టన్ పక్కన ఎవరూ లేరని దాంతో తేలిపోయిందా అంటే, అది ప్రయోగశాల తేల్చే విషయం కాదు. ఆ తోడు మీకు ధైర్యమిచ్చి, మీ వాళ్ళ దగ్గరికి, మీ పనుల్లోకి తిరిగి పంపిందా? అయితే దాన్ని మంచిగానే తీసుకోండి.

వినిపించే గొంతు మిమ్మల్ని మీరు గాయపరచుకోమన్నా, ఇతరులకు హాని చేయమన్నా, మందులు మానేయమన్నా సంగతి వేరు. సాతాను కూడా వెలుగు దూత వేషం వేసుకుంటాడని పౌలు హెచ్చరించాడు. అది ఏ గొంతయినా ఆ రోజే ఇంట్లోవాళ్ళకు చెప్పి డాక్టరును కలవండి. ప్రార్థన కొనసాగించండి, వైద్యం ఆపొద్దు.

పిలిచాను. ఏమీ జరగలేదు. నా విశ్వాసం చాలదా?

అలా అనుకోవద్దని ముందుగా చెబుతాను. పేతురును దూత విడిపించిన ఆ 12వ అధ్యాయం, యోహాను సోదరుడు యాకోబును హేరోదు కత్తితో చంపించాడన్న మాటతో మొదలవుతుంది. యాకోబు విశ్వాసం తక్కువని ఎవరూ అనలేదు. ఆయన కోసం దూత ఎందుకు రాలేదో గ్రంథం చెప్పదు. దానియేలు మూడు వారాలు ఉపవాసముండి ఎదురుచూశాడు. వచ్చిన దూత, నువ్వు మొదలుపెట్టిన తొలిరోజే నీ మాట వినబడింది, 21 రోజులు నన్ను అడ్డుకున్నారు అంటాడు.

ఇంకోటి లూకా 22లో ఉంది. ఒలీవ కొండ మీద యేసు ఈ గిన్నె, అంటే రాబోయే బాధ, తొలగించమని ప్రార్థిస్తాడు. దూత వచ్చి ఆయనను బలపరుస్తాడు. గిన్నె తొలగదు. దూత వచ్చాక ఆయన మరింత వేదనతో ప్రార్థించాడని, చెమట రక్తబిందువుల్లా నేలమీద పడిందని ఆ వెంటనే ఉంటుంది. సాయం అనగానే కష్టం పోవడమే అనుకుంటాం. ఆ రాత్రి అందిన సాయం, తట్టుకునే బలం.

ఏ మతానికీ చెందనివాణ్ణి. నేను పిలవచ్చా?

మిమ్మల్ని ఆపే హక్కు ఎవరికీ లేదు. హాగరు కూడా ఇంట్లోంచి వెళ్ళగొట్టబడ్డ పరదేశి దాసి. దొరికిన పేరల్లా పట్టుకుని పిలవకండి. నమ్మని మాటలు అరువు తెచ్చుకోనూ వద్దు. వినేవాళ్ళుంటే వినండి, నాకు ఈ సాయం కావాలి అనండి, చాలు. ఆ తర్వాత మీకు తెలిసిన ఒక మనిషికి ఫోను చేసి అదే సంగతి చెప్పండి. ఒంటరిగా మోయొద్దు.